మరూన్ చేపకి జోడు వెతికే అల్లుడికి

అల్లుడూ,

నీ తొట్టిలో ఉన్న పెద్ద మరూన్ క్లౌన్‌కి సరిగ్గా దాని సైజులోనే జోడు చూశావనీ, అడ్వాన్సు కూడా ఇచ్చేశావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ అడ్వాన్సు పోతే పోనీ. ఆ చేపని మాత్రం ఇంటికి తేకు. ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏం చెయ్యాలో రాస్తున్నాను. ఓపిగ్గా చదువు, ఆ తర్వాత నీ ఇష్టం.

మనవాళ్లు ఈడూజోడూ చూసి సంబంధాలు కలుపుతారు కాబట్టి నీకూ అదే లెక్క తట్టి ఉంటుంది. ఈ చేపల లెక్క వేరు. గుడ్డులోంచి వచ్చిన క్లౌన్ పిల్ల ఆడదీ కాదు, మగదీ కాదు. నాలుగు పిల్లలు ఒకచోట చేరాక వాటిలో గట్టిది మిగతావాటిని తరిమి పైకొస్తుంది, అన్నిటికంటే పెద్దదవుతుంది, చివరికి ఆడదవుతుంది. దాని తర్వాతిది మగదవుతుంది. మిగిలినవి ఎదుగూబొదుగూ లేకుండా ఆ రెంటి చాటున కాలక్షేపం చేస్తుంటాయి. పైనున్న ఆడది పోతే మగదే మెల్లగా ఆడదిగా మారి ఆ చోటుకొస్తుంది, మూడోది మగదవుతుంది. హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె అనే ఇద్దరు 1977లోనే ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి రాశారు. 2003లో వచ్చిన నీమో సినిమాలో తల్లి మొదట్లోనే పోతుంది కదా, ఈ లెక్కన ఆ నాన్న కొన్నాళ్లకి అమ్మ అయిపోవాలి. పిల్లల సినిమా కదా, వదిలేశారు.

నువ్వు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ఈ మార్పు ఒకవైపే సాగుతుంది. ఒకసారి ఆడదైన చేప మళ్లీ మగది కాదు. ఏళ్ల తరబడి నాలుగడుగుల తొట్టిని ఒంటరిగా ఏలుతున్న నీ మరూన్ ఈపాటికి ఆడదై ఉంటుంది. నువ్వు చూసి వచ్చిన రెండోది కూడా అంతే ఉందంటే అది కూడా నూటికి తొంభై పాళ్లు ఆడదే. ఆ రెంటినీ కలపడమంటే ఒకే గంపలో రెండు పందెం కోళ్లని మూసిపెట్టడమే. మూతీ మూతీ కరుచుకుని తిరుగుతాయి, ముద్దు పెట్టుకుంటున్నాయనుకుని నువ్వు వీడియో తీస్తావు, తెల్లారేసరికి ఒకటి వెల్లకిలా తేలుతుంది.

కాబట్టి ఈసారి బాగా చిన్నది తెచ్చుకో. నీ దాంట్లో మూడో వంతుంటే చాలు. మరూన్ జాతిలో ఆడా మగా తేడా మామూలు నీమోల్లోకంటే ఎక్కువ. ఆడది జానెడు దాకా పెరుగుతుంది, పక్కనున్న మగది దాని పిల్లేమో అన్నట్టుంటుంది. చిన్నదాన్ని చూస్తే జాలేస్తుంది, ఇది బతుకుతుందా అనిపిస్తుంది. నిజానికి దాన్ని కాపాడేది ఆ చిన్నతనమే. పీటర్ బస్టన్ అనే ఆయన పాపువా న్యూ గినీలో పెర్కులా క్లౌన్ల గుంపుల్ని కొలిచి 2003లో ఒక సంగతి బయటపెట్టాడు. ఒక్కో చేప తన పైదాని సైజులో సుమారు 80 శాతం దగ్గర ఆగిపోతుందట. తిండి లేక ఆగడం కాదు, ఎదిగితే పైది తరిమేస్తుందని తనంతట తానే ఆగుతుంది. అదే దేశంలో కింబే బేలో 2023లో సముద్రం వేడెక్కినప్పుడు 134 చేపల్ని కొలుస్తూ పోతే అందులో 101 చేపలు పొడవు తగ్గాయని ఈమధ్య 2025లో అచ్చయింది. సన్నబడటం కాదురా, పొడవే తగ్గడం! సైజు విషయంలో అంత జాగ్రత్తగా ఉండే జీవానికి నువ్వు సరిజోడు తెస్తానంటే ఎలా?

ఇంకో మాట. వలతో పట్టకు. మరూన్‌కి కంటి కింద బుగ్గ మీద ముల్లుంటుంది, అది వల దారాల్లో చిక్కుకుంటే పీకలేక చేపనీ చెయ్యినీ రెంటినీ పాడుచేసుకుంటావు. ప్లాస్టిక్ మగ్గు నీళ్లలో ముంచి మెల్లగా దాంట్లోకి తోలుకో. చెరువు మీద పెరిగినవాళ్లం, వల కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఇక్కడ ఊరుకోవాలి.

కొనేటప్పుడు సముద్రంలో పట్టినదా, హేచరీలో పుట్టినదా అని అడుగు. హేచరీదే తీసుకో. క్లౌన్ పిల్లల్ని తీసే పద్ధతి మన దేశంలో కొత్తేం కాదు. తమిళనాడులో మండపం ఊళ్లోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం, పరంగిపేటలోని అన్నామలై యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్ర కేంద్రం వీటిని ఏనాడో పెంచి చూపించాయి. హేచరీ పిల్ల గుళికల మేతకి అలవాటుపడి ఉంటుంది, జబ్బులూ తక్కువ. సముద్రంలో పట్టి తెచ్చినదానికైతే వచ్చే జబ్బులు కొల్లేటి చాంతాడంత. అందులో బ్రూక్లినెల్లా అని ఒకటుంది, క్లౌన్లని పట్టుకుంటే వదలదు. ఒంటి మీద జిగురు తెల్లగా పొరలు కడుతుంది, మొప్పలు టపటప కొట్టుకుంటాయి, రెండు మూడు రోజుల్లో ఖతం. అందుకే కొత్తది ఎక్కడిదైనా మూడు నాలుగు వారాలు వేరే చిన్న తొట్టిలో ఉంచి చూడాల్సిందే. బ్రూక్లినెల్లాకి ఫార్మలిన్ పనిచేస్తుంది. అయితే కైకలూరు, ఆకివీడు మందుల షాపుల్లో డబ్బాలకి డబ్బాలు దొరుకుతోంది కదా అని చెరువులో పోసినట్టు చేతి కొలతతో పోయకు. అది నీటిలో ఆక్సిజన్‌ని తినేస్తుంది. తెలిసినవాళ్లని అడిగి లెక్కగా వేరే బక్కెట్లో చెయ్యి, గాలి పంపు గట్టిగా తిరుగుతుండాలి.

నీళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదనుకుంటావు, కానీ అక్కడే మన ఆక్వా బుద్ధి అడ్డం పడుతుంది. వనామీ రొయ్య అయిదు పీపీటీ ఉప్పదనంలోనూ పెరుగుతుంది, ఇంకా తక్కువలోనూ ఎలాగోలా నెట్టుకొస్తుంది. క్లౌన్‌కి ముప్పై దాటాలి, ముప్పై మూడు నుంచి ముప్పై అయిదు మధ్య ఉంటే దానికి కడుపులో చల్ల కదలదు. చెరువు గట్టున ఉన్న ఉప్పు బోరు నీళ్లు తెచ్చి పోద్దామని మొన్న నాతో అన్నావు. ఆ ఆలోచన మానుకో. ఆ నీళ్లలో పొటాషియం, మెగ్నీషియం పాళ్లు సముద్రంలో ఉన్నట్టుండవు. రొయ్యకే చాలక మన రైతులు బస్తాలకి బస్తాలు మినరల్స్ చల్లుతున్నారు. పేరుపాలెం బీచికెళ్లి డ్రమ్ములు నింపుకొస్తానన్నా వద్దంటాను. గోదావరికి వరదొచ్చే రోజుల్లో మన తీరంలో ఉప్పదనం పడిపోతుంది, పైగా ఒండ్రు. ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకుని రిఫ్రాక్టోమీటర్‌తో చూసుకో. వేసవిలో ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది కాబట్టి తగ్గిన మేరకి ఉత్త ఆర్వో నీళ్లే పొయ్యి. ఏలూరులో మేలో ఎండ నలభై దాటుతుంది, మీ తాడేపల్లిగూడెంలో చల్లగా ఏం ఉండదు. తొట్టి ఇరవై ఎనిమిది దాటకుండా చూసుకో. కరెంటు పోతే గాలి పంపు బ్యాటరీ మీద నడవాలి, అంతే.

చేప పార్సిల్లో వస్తే ఇంకో చిక్కుంది. సీడు కవర్లు చెరువులో తేలేసి, కొంచెం కొంచెం నీళ్లు కలుపుతూ గంటల తరబడి అలవాటు చెయ్యడం మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిన పని. రొయ్య పిల్లకి అది సరే. రాత్రంతా రైల్లో కవర్లో ప్రయాణం చేసిన చేపకి మాత్రం ఆ పద్ధతి ముప్పు. మూతి కట్టిన కవర్లో చేప వదిలిన గాలి చేరి నీళ్ల పీహెచ్ పడిపోతుంది. దానివల్లే అందులో పేరుకున్న అమ్మోనియా అంత కీడు చెయ్యకుండా ఉంటుంది. కవరు విప్పగానే ఆ గాలి పోయి పీహెచ్ లేస్తుంది, ఉన్న అమ్మోనియా అంతా విషంగా మారుతుంది. కాబట్టి దుకాణంవాణ్ణి ముందే సాలినిటీ ఎంతో అడిగి, నీ చిన్న తొట్టిని అదే పాళ్లకి పెట్టుకో. కవరు మూసి ఉండగానే కాసేపు తేలేసి వేడి సమానం చెయ్యి. విప్పాక ఆలస్యం చెయ్యకు, చేపని మార్చేసి ఆ కవరు నీళ్లు పారబొయ్యి. ఒక్క చుక్క కూడా తొట్టిలో పడకూడదు.

ఇక అసలు ఘట్టం.

మూడు నాలుగు వారాలయ్యాక కొత్తదాన్ని తిన్నగా పెద్ద తొట్టిలోకి వదలకు. బజార్లో అరవై డెబ్భై రూపాయలకి దొరికే చిల్లుల ప్లాస్టిక్ బుట్ట ఒకటి తెచ్చుకో. తెల్లదో, లోపల కనిపించేదో అయితే మంచిది. దానికి మూత బిగించి, తొట్టి అంచుకి క్లిప్పుతో వేలాడదీసి, కొత్తదాన్ని అందులో ఉంచు. నీళ్లు అటూ ఇటూ ఆడతాయి, ఒకదాన్నొకటి చూసుకుంటాయి, మూతి మాత్రం అందదు. మొదటిరోజు మీ పెద్దది బుట్టకేసి దూసుకొస్తుంది, ప్లాస్టిక్‌ని కొరుకుతుంది. అద్దానికి చెవి ఆనిస్తే టక్ టక్ మని చప్పుడు కూడా వినిపిస్తుంది. దవడ ఠక్కున మూసి పళ్లు తగిలించడం వల్ల వచ్చే చప్పుడది, నా తొట్టి ఇది అని చెప్పడం. ఇంట్లోవాళ్లు అయ్యో పాపం అంటారు. అననీ. బుట్ట తియ్యకు, పెద్దదాన్ని కర్రతో అదిలించకు.

నువ్వు చూడాల్సింది చిన్నదాన్ని. పెద్దది దగ్గరికి రాగానే చిన్నది పక్కకి వాలి, ఒళ్లంతా సన్నగా వణికిస్తుంది. తల దగ్గర మొదలై తోక దాకా ఒక్క క్షణం గజగజలాడుతుంది, మళ్లీ మామూలుగా నిలబడుతుంది. ఫిట్స్ వచ్చాయేమోనని నువ్వు కంగారుపడకు. నువ్వే పెద్ద, నేను పోటీకి రాను అని ఒప్పుకోవడం అది. ఆ వణుకు కనిపించిందంటే సగం పని అయినట్టే. కొన్నాళ్లకి పెద్దది బుట్టని కొరకడం తగ్గిస్తుంది, వచ్చి ఊరికే నిలబడుతుంది, రాత్రి పడుకునే చోటు కూడా బుట్ట పక్కకి మార్చుకుంటుంది. అప్పుడు ఆలోచించు విప్పడం సంగతి. పది రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. మరూన్ విషయంలో వారానికే విప్పేశామని గొప్పలు చెప్పేవాళ్లని నేను నమ్మను.

వణకకుండా, చిన్నదే ఎదురు తిరిగి రెక్కలు విప్పి నిలబడుతోందంటే అది నీకు పనికిరాదు. దాన్ని దుకాణానికి ఇచ్చేసి, ఇంకా చిన్నది తెచ్చుకో.

విప్పే ముందురోజు తొట్టిలో రాళ్లు కదిపి సర్దు. పెద్దదానికి తన మూల ఏదో తెలియకుండా పోవాలి. తర్వాత పెద్దదాన్ని మగ్గుతో పట్టి అదే బుట్టలో వెయ్యి, చిన్నదాన్ని తొట్టిలో తిరగనివ్వు. రెండు మూడు రోజులు చిన్నదే ఇంటి యజమాని. దాక్కోవడానికి ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్కలు నాలుగైదు అక్కడక్కడా పడెయ్యి, మన చెరువుల దగ్గర వాటికేం కొరత? చిన్నది దూరాలి, పెద్దది దూరకూడదు, పైపు సైజు ఆ లెక్కన చూసుకో. ఒక మట్టి పూలకుండీ కూడా పక్కకి వాల్చి పెట్టు. సముద్రంలో ఇవి ఎనిమోన్‌లో కాపురం ఉంటాయి గాని ఇంట్లో కుండీతో సరిపెట్టుకుంటాయి, ఎనిమోన్ కోసం నువ్వు పరుగులు పెట్టక్కర్లేదు. పగడపు రాయి ఇస్తామని ఎవరైనా అంటే అసలు ముట్టుకోకు. మన సముద్రపు పగడాలు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికున్నంత రక్షణ వాటికీ ఉంది.

పెద్దదాన్ని సాయంత్రం, ఇద్దరికీ కడుపునిండా మేత వేశాక, లైటు ఆర్పే ముందు వదులు. చీకట్లో కొట్లాట సాగదు. మర్నాడు మాత్రం లైటు వెలిగే వేళకి నువ్వు తొట్టి ముందుండాలి. ఇప్పుడు కచ్చితంగా తరుముతుంది. తరమడం చూసి విడదీసేవాళ్లే ఎక్కువ, విడదీసిన ప్రతిసారీ మొదటికొస్తుంది. తరిమి, చిన్నది వణకగానే ఆగిందా, అయితే నువ్వు చేతులు కట్టుకుని కూర్చో. తోక చివర కాస్త చిరిగినా ఫర్వాలేదు, మళ్లీ వస్తుంది. వణికినా ఆగకుండా కరుస్తోందనుకో, చిన్నది పైమూలలో ఫిల్టరు పక్కన నక్కి కిందికి రావడం లేదనుకో, రెండు రోజులైనా మేత ముట్టలేదనుకో, రెక్క మొదలంటా చిరిగిందనుకో, ఇంక చూడకు, వెంటనే తీసి బుట్టలో వేసెయ్యి. మళ్లీ పదిహేను రోజులాగి ప్రయత్నించు. ఈ రెంటికీ తేడా కనిపెట్టడమే నీ పని, మిగతాదంతా అవే చూసుకుంటాయి.

రెండుసార్లు కుదరకపోతే వదిలెయ్యి. ఈ మాట చాలామందికి రుచించదు, అయినా చెప్తాను. క్లౌన్ ఒంటరిగా ఉన్నంత మాత్రాన దిగులుపడి చావదు. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు పైన బతికేవి ఉన్నాయి. దానికి తోడు కావాలని తపించేది మనం, ఆ తపనకి ఒకదాని తర్వాత ఒకటి చిన్న చేపల్ని బలిపెట్టడం నాకు నచ్చదు. ఇంకొకటి, పోనీ మూడు కలిపి వేస్తే కొట్లాట పంచుకుంటాయి కదా అని ఎవరో నీకు చెప్పారట. జత కుదిరిన మరుక్షణం ఆ మూడోదాని పని అయిపోతుంది. పక్కకి మామూలు నీమోని తెచ్చి వెయ్యడమూ అంతే. ఆ నీమో జాతివే, ఒసిల్లారిస్ చేపలు, తమలాగే తెల్ల చారలు మూడున్నవాటి మీదికే ఎక్కువ వెళ్తాయని ఒకినావాలో పరీక్షించి 2024లో రాశారు. తమ పోలికున్నదే వాటికి శత్రువు.

జత కుదిరితే నెలలు గడిచాక ఎప్పుడో ఆ కుండీ లోపలి గోడని ఇద్దరూ మూతులతో రుద్ది శుభ్రం చెయ్యడం చూస్తావు. తర్వాత నారింజ రంగు గుడ్లు, వరసలు వరసలుగా అంటించి ఉంటాయి. మగది వాటిని రెక్కలతో విసురుతూ, చెడిపోయినవి ఏరి తినేస్తూ అక్కడే ఉంటుంది. వారం, తొమ్మిది రోజుల మధ్య ఒక రాత్రి పిల్లలు బయటికొస్తాయి. ఆ పిల్లల్ని బతికించడం వేరే చదువు, మేతకి రోటిఫర్లనే సూక్ష్మజీవుల్ని పెంచాలి, ఇప్పుడే నీకెందుకు? ఆ రోజుల్లో ఆడదాని జోలికి మాత్రం వెళ్లకు. కొల్లేట్లో పిల్లల కాపలా ఉన్న కొరమేను పక్కన అడుగేస్తే కాళ్లమీదికి ఎలా వస్తుందో మీ తాత చెప్పేవారు గుర్తుందా? మీది జానెడు చేపే గాని, తెగువలో దానికేం తీసిపోదు. అద్దం తుడవాలన్నా కర్రకి స్పాంజి కట్టి తుడువు, చెయ్యి పెట్టకు. పాప కుర్చీ వేసుకుని మేత వేసే అలవాటు కొన్నాళ్లు మాన్పించు, నీళ్ల పైదాకా వచ్చి వేలు కొరుకుతుంది.

చిన్నదాన్ని ఎంచుకున్నాక డబ్బు కట్టే ముందు నాకు వీడియో పంపు. దుకాణంవాణ్ణి మేత వెయ్యమని చెప్పి అప్పుడు తియ్యి. తింటోందా, మొప్పలు రెండూ సమానంగా ఆడుతున్నాయా, ఒంటిమీద ఎక్కడైనా మసక పొర ఉందా అన్నవి చూసి చెప్తాను. పైపు ముక్కలు కొనకు, మన షెడ్డులో బోలెడు పడున్నాయి, ఆదివారం ఏలూరు వస్తే పట్టుకెళ్దువుగాని.

మీ మావయ్య